తిరిగి తెచ్చుకున్న పౌరసత్వం పాతదా, కొత్తదా?

డల్లాస్ నాన్న:
నేను పుట్టింది గుంటూరులో. 2014లో అమెరికా పౌరసత్వం తీసుకున్నాను, ఆ రోజుతోనే భారత పౌరసత్వం పోయింది. ఇప్పుడు ఇంటికి వచ్చేసి తిరిగి తీసుకోవాలని ఉంది. అది వచ్చాక నన్ను పుట్టుకతో పౌరుడిగానే లెక్కించాలని నా వాదన. 2001లో ఫిలిప్పీన్స్ సుప్రీంకోర్టు అలాగే చెప్పింది. అమెరికా మెరైన్ దళంలో చేరి పౌరసత్వం పోగొట్టుకున్నాయన దాన్ని తిరిగి పొందితే, పుట్టుకతో వచ్చిన హోదా కూడా వెనక్కి వచ్చినట్టేనంది. ఆయన పార్లమెంటు సభ్యత్వం నిలిచింది.

కోర్టు పక్షి:
సార్, మన చట్టం అలా లేదు. 1955 పౌరసత్వ చట్టంలో మీలాంటివారికి దారి సెక్షన్ 5(1)(ఎఫ్). దరఖాస్తుకు ముందు 12 నెలలు ఇక్కడ నివాసం ఉండాలి. వచ్చేది 'నమోదు ద్వారా' పౌరసత్వం, అదీ నమోదైన తేదీ నుంచే. అలా ఉండటమే సబబు. వేములవాడ ఎమ్మెల్యేగా చేసిన చెన్నమనేని రమేశ్ గారి కేసు చూడండి. జర్మనీ పౌరసత్వం తీసుకుని, 2009లో భారత పౌరసత్వం తిరిగి పొందారు. ఏడాది నివాసం విషయంలో నిజం దాచారని కేంద్రం దాన్ని రద్దు చేసింది. 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు ఆయన జర్మనీ పౌరుడేనని తేల్చి, 30 లక్షలు కట్టమంది. నిజం దాచి తెచ్చుకున్నదాన్ని వెనక్కి తీసుకునే వీలు ఉండొద్దా?

డల్లాస్ నాన్న:
అబద్ధం చెప్తే తీసేయండి, కాదనను. కానీ పౌరసత్వం రద్దు గురించి చెప్పే సెక్షన్ 10 అక్కడితో ఆగదు. నమోదైన అయిదేళ్లలోపు ఏ దేశంలోనైనా రెండేళ్లకు తగ్గని జైలుశిక్ష పడినా రద్దు చేయొచ్చు. అదే శిక్ష ఊరు దాటని మా తమ్ముడికి పడితే జైలుకు వెళ్తాడు, పౌరసత్వం మాత్రం పోదు. ఒక తల్లి పిల్లలమే కదా మేం!

సింగపూర్ అమ్మ:
పెద్దవాళ్లం మనం తెలిసే సంతకం పెట్టాం. నా టెన్షన్ అంతా పిల్లల గురించే. తల్లిదండ్రులు పౌరసత్వం వదులుకుంటే పిల్లలదీ పోతుంది, కానీ 18 నిండిన ఏడాదిలోపు డిక్లరేషన్ ఇస్తే తిరిగి వస్తుందని సెక్షన్ 8(2). తల్లిదండ్రులు సింగపూర్ పౌరులయ్యేనాటికి కడుపులో ఉన్న ఒక అబ్బాయి దీన్నే అడిగాడు. మద్రాసు హైకోర్టు సరేనంది. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు కాదంది. విదేశీ పౌరసత్వం తీసుకోగానే సెక్షన్ 9 కింద దానంతటదే పోవడం వేరు, డిక్లరేషన్ ఇచ్చి వదులుకోవడం వేరట, 8(2) అలా వదులుకున్నవాళ్ల పిల్లలకేనట. విదేశాల్లో పౌరసత్వం తీసుకునే మనవాళ్లలో ఎక్కువమందిది సెక్షన్ 9 దారే. మరి 8(2) ఎవరి పిల్లలకు మిగిలినట్టు?

కోర్టు పక్షి:
అమ్మా, అక్షరాల ప్రకారం తీర్పు సరైనదే. 5(1)(ఎఫ్) దారి ఆ అబ్బాయికీ ఉంది. అయినా ఏడాది చదువో ఉద్యోగమో ఆపుకుని ఇక్కడ ఉండటం పాతికేళ్లవాడికి చిన్న విషయం కాదు. సెక్షన్ 8(2)ను పార్లమెంటు సవరించాలి, అందులో నేను మీ పక్షమే. డల్లాస్ సార్‌తో మాత్రం ఇంకా ఒప్పుకోను.