1990 మియాటాకు బయట ఆయిల్ కూలర్ ఎక్కడ బిగించాలి?

అందరికీ నమస్కారం. హ్యూస్టన్‌లో ఉంటాను. నా దగ్గర 1990 మాజ్దా మియాటా ఉంది, 1.6 లీటర్ ఇంజన్. రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు. వేసవిలో ట్రాక్‌కి తీసుకెళ్తే మాత్రం ఇరవై నిమిషాలకే ఆయిల్ వేడి 270 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతోంది, మలుపు దిగి ఐడిల్‌కి వచ్చేసరికి ఆయిల్ ప్రెషర్ ముల్లు బాగా కిందికి పడుతోంది. ఆ ఏడాది కార్లలో ప్రెషర్ మీటర్ నిజంగా కొలిచేదే కాబట్టి టెన్షన్‌గా ఉంది. కూలెంట్ వేడి మామూలుగానే ఉంది.

అందుకే బయట ఆయిల్ కూలర్ (ఇంజన్ ఆయిల్‌ని చల్లబరిచే చిన్న రేడియేటర్) బిగిద్దామని. ఆయిల్ ఫిల్టర్ కింద శాండ్‌విచ్ ప్లేట్ (ఆయిల్‌ని బయటి పైపుల్లోకి మళ్లించే పలక) పెట్టి, అక్కడినుంచి పైపులు ముందుకి లాగాలనుకుంటున్నాను. చలికాలంలో రోజూ ఆఫీసుకి ఇదే కారు, అందుకే థర్మోస్టాట్ (ఆయిల్ వేడెక్కాకే కూలర్‌కి వదిలే కవాటం) ఉన్న ప్లేటే తీసుకుంటా. ఆయిల్ సరిగా వేడెక్కకపోతే అందులో చేరిన తేమ ఆవిరి కాదు కదా.

నా అసలు సందేహం కూలర్ చోటు గురించి. రేడియేటర్ ముందు పెడితే దానికి వెళ్లే గాలి వేడెక్కి, కూలెంట్ వేడి పెరుగుతుందేమో. పక్కకి పెడితే గాలి మళ్లించడానికి డక్ట్ చేయాలి. ఇంటేక్ మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి పంపే గొట్టాలు) కింద ఫిల్టర్ దగ్గర చెయ్యి దూరడమే కష్టం, అక్కడ పైపులు రాసుకోకుండా ఎలా తిప్పారు? ఈ పని స్వయంగా చేసినవాళ్లు ఫొటోలు పెడితే ఎంతో మేలు.