అప్‌డేట్: మోకాలి బయటి వైపు నొప్పి తగ్గింది, 21.1 కి.మీ. పూర్తి చేశాను

రెండు నెలల క్రితం అడిగాను: అమ్మకి క్యాన్సర్ ట్రీట్‌మెంట్ జరుగుతోంది, క్యాన్సర్ బాధితుల కోసం తిరుపతిలో పెడుతున్న హాఫ్ మారథాన్‌కి ప్రాక్టీస్ చేస్తుంటే ఆరో కిలోమీటరు దాటగానే కుడి మోకాలి బయటి వైపు గుచ్చినట్టు నొప్పి వస్తోందని.

జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. "మెట్లు దిగడం ఆపి చూడు తమ్ముడూ" అని ఒకాయన రాశారు చూడండి, అదే నిజమైంది. ఫిజియోథెరపిస్ట్ చూసి, కీలు అరుగుదల కాదు, తుంటి నుంచి మోకాలి కింద దాకా తొడ బయటి వైపు పట్టీలా ఉండే కణజాలం, ఐటీ బ్యాండ్, రేగింది అన్నారు. తుంటి కండరాలు కూడా వీక్‌గా ఉన్నాయట. స్టామినా కోసమని వారానికి మూడుసార్లు అలిపిరి మెట్లెక్కి, ఆ 3,550 మెట్లూ పరుగున దిగేవాడిని. ఎక్కడం కాదు, దిగడమే కొంప ముంచింది! తర్వాత నుంచి కొండ దిగేది బస్సులోనే. రోజూ పక్కకి పడుకుని కాలు పైకెత్తే వ్యాయామం చేశాను. మూడు వారాలకి తేడా తెలిసింది.

కొత్త షూస్, మోకాలికి తొడిగే క్యాప్, కాల్షియం మాత్రలు నా విషయంలో దండగ.

ఫినిష్ దగ్గర అమ్మ చెంగుతో నా మొహం తుడిచి, "మోకాలు ఎట్లుంది నాయనా?" అని అడిగింది. కీమో అయ్యాక తనకి జుట్టు ఇప్పుడిప్పుడే వస్తోంది.