హాట్ టబ్ నీళ్లకి క్లోరినా, బ్రోమినా, సాల్ట్ సిస్టమా?

నమస్కారమండీ. మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. పెరట్లో 350 గ్యాలన్ల హాట్ టబ్ ఉంది. మోకాళ్ల నొప్పులకి అమ్మ రోజూ సాయంత్రం అందులో కాసేపు కూర్చుంటుంది. మా పాపది సున్నితమైన చర్మం, మోచేతి మడతల్లో ఎర్రగా దద్దుర్లు లేస్తున్నాయి. అందుకే ఏ పద్ధతికి మారాలో తేల్చుకోలేక అడుగుతున్నాను.

ఇప్పుడు నీళ్లలో క్రిములు పోవడానికి డైక్లోర్ (క్లోరిన్ ఇచ్చే ఒక రకం పొడి) వేస్తున్నాం. దాంతో పాటే సయన్యూరిక్ యాసిడ్ (క్లోరిన్‌ని నిలిపి ఉంచే పదార్థం) నీళ్లలో పేరుకుంటుంది, అది పెరిగేకొద్దీ క్లోరిన్ పని మందగిస్తుంది. మూత తీయగానే ముక్కు మండేంత ఘాటు. బ్రోమిన్ వేడి నీళ్లలో నిలకడగా ఉంటుంది, వాసన కూడా తక్కువే అంటారు. కానీ పాప ఒంటికి పడుతుందా అన్నదే నా భయం. సాల్ట్ సిస్టమ్ అమ్మేవాళ్లు "కెమికల్సే అక్కర్లేదు" అంటున్నారు. అది మాత్రం నమ్మను, ఉప్పు నుంచి తయారయ్యేదీ క్లోరినే కదా! క్రిముల్ని చంపే ఓజోన్ వాయువుని నీళ్లలోకి పంపే పరికరాలూ ఉన్నాయి, కానీ ఓజోన్ నీళ్లలో నిలవదు కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోలేం.

ఏది వాడినా సీడీసీ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) చెప్పిన లెక్క తప్పను: క్లోరిన్ కనీసం 3 పీపీఎం (పది లక్షల భాగాల్లో 3 భాగాలు), బ్రోమిన్ అయితే 4 నుంచి 8, పీహెచ్ 7.0 నుంచి 7.8.

పిల్లలకి ఎగ్జిమా లాంటివి ఉండి బ్రోమిన్ వాడుతున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఓజోన్ జత చేశాక క్లోరిన్ వాడకం నిజంగా తగ్గిందా? సాల్ట్ సెల్ (ఉప్పు నుంచి క్లోరిన్ తయారుచేసే భాగం) ఎన్నాళ్లు మన్నుతోంది? బ్రోమిన్‌కి మారేముందు నీళ్లు తీసేస్తే చాలా, పైపులు కూడా కడగాలా? దయచేసి మీ అనుభవం చెప్పండి.