జామ్ సీసా బోర్లిస్తే చాలా, మళ్ళీ నీళ్ళలో మరిగించాలా?

పండ్లబుట్ట
వేసవి పండ్లు వచ్చాయంటే అన్నీ ఒకేసారి వచ్చిపడతాయి. తినగా మిగిలినవి చలికాలానికి దాచుదామని జామ్ పని మొదలుపెట్టాను. ఇక్కడే రెండు మాటలు వినిపిస్తున్నాయి. పొయ్యి మీంచి దించిన జామ్‌ని వేడివేడిగా సీసాలో పోసి, మూత బిగించి, ఐదు నిమిషాలు బోర్లిస్తే చాలని కొందరు. అలా కుదరదు, నింపిన సీసాని నీళ్ళలో నిండా ముంచి మళ్ళీ మరిగించాలి, లేకపోతే ప్రాణం మీదకి వస్తుందని ఇంకొందరు. నా దగ్గర స్ట్రాబెర్రీలు, ప్లమ్ పండ్లు, కాసిని అంజీర పండ్లు ఉన్నాయి. ఏం చేయమంటారు? గొడవపడకుండా చెప్పండి. (పడతారని తెలుసు.)

పాతమూత
బోర్లిస్తే చాలు. దీనికింత చర్చ అక్కర్లేదు. జామ్ దించేది 104, 105 డిగ్రీల దగ్గర. అంత వేడిలో బూజు గానీ ఈస్ట్ గానీ బతకదు. సీసా బోర్లించగానే ఆ వేడి మూత లోపలివైపు తగిలి అక్కడున్నదీ చస్తుంది. చల్లారేకొద్దీ లోపలిది కుంచించుకుని మూతని లోపలికి లాక్కుంటుంది. టప్ మని చప్పుడు వినపడితే పని అయిపోయినట్టే. యూరప్‌లో ఎన్నో ఇళ్ళలో ఇప్పటికీ ఇదే పద్ధతి. వాళ్ళంతా ప్రతి చలికాలం ఆసుపత్రుల్లోనే ఉంటున్నారా?

నీళ్ళగిన్నె
టప్ మన్నంత మాత్రాన సీలు గట్టిగా పడిందని కాదు సార్. బోర్లించిన సీసాలో జామ్‌కీ మూతకీ మధ్య ఉన్న గాలి ఎక్కడికీ పోదు, అక్కడే ఉంటుంది. నీళ్ళలో మరిగిస్తే ఆ గాలి వ్యాకోచించి మూత సందుల్లోంచి బయటికి పోతుంది, చల్లారాక లోపల వాక్యూమ్ బలంగా ఏర్పడుతుంది. తేడా అక్కడుంది. పైగా బోర్లించినప్పుడు జామ్ మూత అంచుకి పట్టుకుంటే, సీలు పడకముందే పాడైనట్టు.

అమెరికా వ్యవసాయ శాఖ ఇంటి క్యానింగ్ (సీసాల్లో నింపి నిల్వచేయడం) మార్గదర్శిని జామ్‌ని కూడా మరిగించమనే చెబుతుంది. ముందే స్టెరిలైజ్ చేసిన సీసాలైతే, సముద్రమట్టం నుంచి 300 మీటర్ల ఎత్తు వరకు 5 నిమిషాలు. ఆపైన సుమారు 1800 మీటర్ల వరకు 10, ఇంకా ఎత్తైతే 15. ఎత్తు పెరిగేకొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి ఆ అదనం. నీళ్ళు మూతల పైన కనీసం రెండున్నర సెంటీమీటర్లు ఉండాలి.

సీసాలో ఆహారం పెట్టి, గట్టిగా మూసి, నీళ్ళలో మరిగించే పద్ధతిని నికొలా అపేర్ అనే ఫ్రెంచ్ వంటవాడు 1810లోనే పుస్తకంగా రాసి 12,000 ఫ్రాంకుల బహుమతి తీసుకున్నాడు. ఆహారం పాడవడానికి సూక్ష్మజీవులే కారణమని చూపించిన పాశ్చర్ అప్పటికి పుట్టనే లేదు. సూక్ష్మజీవుల సంగతి తెలియకుండానే ఆయన మరిగించాడు. మనం అన్నీ తెలిసి మానేస్తామా?

ఇంకో మాట. బొట్యులిజం అంటే గాలి చొరని సీసాలో ఒక క్రిమి తయారుచేసే విషం వల్ల వచ్చే ప్రాణాంతకమైన జబ్బు. ఆ విషానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు.

పాతమూత
వచ్చేసింది బొట్యులిజం. ఎదురుచూస్తూనే ఉన్నా. జామ్ అనగానే ఆ పేరు చెప్పి జనానికి టెన్షన్ పెట్టడం ఒక అలవాటైపోయింది.

పీహెచ్‌పట్టీ
ఈ ఒక్క విషయంలో పాతమూత గారి వైపు నేను. నీళ్ళగిన్నె గారూ, పద్ధతి మంచిదే, దానికి మీరు చెప్పిన కారణమే సరిపోదు.

బొట్యులిజం తెచ్చే క్లాస్ట్రిడియం బొట్యులినం అనే క్రిమి స్పోర్లు (విత్తనాల్లాంటి మొండి రూపాలు) 100 డిగ్రీల మరుగు నీళ్ళలో చావవు. వాటిని చంపాలంటే ఒత్తిడి పెట్టి 116 నుంచి 121 డిగ్రీల దాకా తీసుకెళ్ళాలి. అంటే మీ గిన్నెలో ఐదు నిమిషాలు ఉడికించినా అవి బతికే ఉంటాయి. బోర్లించిన సీసాలోనూ ఉంటాయి. మరి జామ్ తిన్నవాళ్ళకి ఏమీ ఎందుకు కావడం లేదు? పులుపు వల్ల. పీహెచ్ అంటే పులుపుకి కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. అది 4.6 కంటే తక్కువుంటే ఆ స్పోర్లు మొలకెత్తి విషం తయారుచేయలేవు. స్ట్రాబెర్రీ 3 నుంచి 4 లోపే, ప్లమ్ కూడా దాదాపు అంతే. అక్కడ ఆ క్రిమి పడి నిద్రపోతుంది, అంతే. దానికి తోడు మామూలు జామ్‌లో పండులో ఉన్నదీ మనం వేసిందీ కలిపి చక్కెర 60 శాతం పైనే. చక్కెర నీటిని పట్టేసుకుంటుంది కాబట్టి చాలా సూక్ష్మజీవులకి అందులో వాడుకోవడానికి నీళ్ళు దొరకవు.

కాబట్టి పుల్లటి పండ్ల జామ్‌లో ఈ గొడవంతా బూజు గురించి, ఈస్ట్ గురించి. ప్రాణాల గురించి కాదు. మరిగిస్తే బూజు పట్టే సీసాలు తగ్గుతాయి. బోర్లిస్తే కొన్ని ఎక్కువ పాడవుతాయి. పండూ చక్కెరా గ్యాసూ పోసి చేసుకున్న జామ్ చలికాలంలో మూత తీస్తే బూజు కనిపిస్తే ఒళ్ళు మండుతుంది. ఆ కారణం చాలు నాకు మరిగించడానికి. భయపెట్టక్కర్లేదు.

కానీ పండ్లబుట్ట గారూ, మీ ప్రశ్నలో అసలు ప్రమాదం ఉన్న మాట అందరూ దాటేశారు. అంజీర.

పండ్లబుట్ట
అంజీరకి ఏమైందండీ? తియ్యగా మెత్తగా ఉన్నాయి, జామ్‌కి అవే బెస్ట్ అనుకున్నాను.

పీహెచ్‌పట్టీ
ఆ తియ్యదనంతోనే సమస్య. అంజీరలో పులుపు చాలా తక్కువ, పీహెచ్ 5 పైనే ఉంటుంది. పాకంలో వేసి సీసాలో పెట్టాలంటే పులుపు మనమే కలపాలి. అర లీటరు సీసాకి ఒక టేబుల్ స్పూన్ నిమ్మరసం, లేదా పావు టీ స్పూన్ సిట్రిక్ యాసిడ్. ఆ నిమ్మరసం కూడా సీసాలో అమ్మే రకమే వాడమంటారు, ఎందుకంటే దాని పులుపు ఎప్పుడూ ఒకేలా ఉండేలా తయారుచేస్తారు. చెట్టున కాసిన నిమ్మకాయలు అన్నీ ఒకేలా ఉండవు. ఆ తర్వాత మరిగించడం ఎలాగూ తప్పదు.

టమాటా కూడా ఈ గీత మీదే నడుస్తుంది. ఒక కాయ 4.3, ఇంకోటి 4.8. అందుకే దానికీ ఇదే కొలతలో పులుపు కలుపుతారు. తెల్ల కండ ఉన్న పీచ్ పండ్లు 4.6 దాటొచ్చు కాబట్టి వాటిని ఇలా సీసాల్లో పెట్టొద్దనే చెబుతారు, పసుపు పీచ్ అయితే ఇబ్బంది లేదు. పుచ్చకాయ, బొప్పాయి, అరటి లాంటివి ఉత్తవే ముక్కలు చేసి సీసాలో పెట్టి మరిగించి అలమరలో దాచే పని అసలు పెట్టుకోకండి. ఇక్కడ మాత్రం నీళ్ళగిన్నె గారి భయం అక్షరాలా నిజం. మూత గట్టిగా పడి లోపల గాలి లేకుండా ఉండడమే ఆ క్రిమికి కావాల్సింది.

తీపితక్కువ
చక్కెర మాటొచ్చింది కాబట్టి అడుగుతున్నా. మా ఇంట్లో తీపి తగ్గించాలి. సగం చక్కెరతో జామ్ చేసి బోర్లిస్తే?

పాతమూత
అది జామ్ కాదు, పండ్ల గుజ్జు. ఫ్రిజ్‌లో పెట్టుకుని తినేయండి.

నీళ్ళగిన్నె
దురుసుగా చెప్పినా అందులో నిజం ఉంది. సగం చక్కెరతో మామూలు పెక్టిన్ (జామ్‌ని గట్టిపరిచే, పండ్లలో ఉండే పదార్థం) గట్టిపడదు, తక్కువ చక్కెరకి వేరే పెక్టిన్ దొరుకుతుంది. మూత తీశాక కూడా త్వరగా పాడవుతుంది. తీపి వద్దనుకుంటే జామ్ జోలికి వెళ్ళకుండా ముక్కల్నే సీసాలో పెట్టుకోండి. పుల్లటి పండ్ల ముక్కల్ని ఉత్త నీళ్ళలోనో పండ్ల రసంలోనో వేసి మరిగించినా పాడవవు. అక్కడ కాపాడేది పులుపూ వేడీ, పాకం కాదు. పాకం పోసేది రంగు కోసం, ముక్క మెత్తబడకుండా ఉండడం కోసం. ఎంతసేపు మరిగించాలన్నది మాత్రం పండుని బట్టి, సీసా సైజుని బట్టి మారుతుంది, జామ్‌కి చెప్పిన 5 నిమిషాలు దీనికి చాలవు. ఇక బోర్లించడమా, ముక్కల విషయంలో ఆ ఆలోచనే వద్దు. ముక్క నడిమధ్య వరకు వేడి చేరాలంటే మరిగించడమొక్కటే దారి.

మంచుపెట్టె
ఇంత రసాయన శాస్త్రం ఎందుకండీ. కడిగి, తుడిచి, ట్రేలో ఒక్క వరసగా పరిచి ఫ్రీజర్‌లో పెట్టండి. గట్టిపడ్డాక సంచిలోకి మార్చి గాలి నొక్కేయండి. మైనస్ 18లో 8 నుంచి 12 నెలల దాకా రుచి బాగుంటుంది. పీహెచ్ లేదు, సీలు లేదు, టప్ లేదు. అంజీర అయినా బొప్పాయి అయినా ఒకటే లెక్క. జామ్ కావాలంటే చలికాలంలో కావాల్సినప్పుడు కాస్త తీసి వండుకోవచ్చు.

పాతమూత
కరెంటు పోతే?

మంచుపెట్టె
నిండుగా ఉన్న ఫ్రీజర్ తలుపు తీయకుండా ఉంచితే దాదాపు 48 గంటలు చల్లదనం నిలబడుతుంది. సగమే నిండి ఉంటే 24. అంతకంటే ఎక్కువసేపు కరెంటు పోయే చోటైతే మీ సీసాలే మేలు, కాదనను. ఇంకో లోపం కూడా నేనే చెబుతా: కరిగాక ముక్క మెత్తబడుతుంది. లోపలి నీరు మంచు పలుకులై కణాల గోడల్ని చీల్చేస్తుంది. జామ్‌కీ, జ్యూస్‌కీ పర్వాలేదు, ప్లేటులో పెట్టి వడ్డించడానికి పనికిరాదు. ఫ్రీజర్‌లో సూక్ష్మజీవులు చావవు, ఆగుతాయంతే. కరిగించాక బయట పెట్టి మర్చిపోవద్దు.

పాతమూత
నా ప్రశ్నకి ఎవరూ సమాధానం చెప్పలేదు. జ్యూసులు, జామ్‌లు చేసే ఫ్యాక్టరీల్లో కూడా వేడిగా నింపి, మూత వేసి, సీసాని తిప్పే పద్ధతి ఉంది. వాళ్ళు చేస్తే టెక్నాలజీ, నేను చేస్తే అజ్ఞానమా?

పీహెచ్‌పట్టీ
మంచి ప్రశ్న. ఈ చర్చలో అన్నిటికంటే మంచిదేమో కూడా.

పద్ధతిలో తప్పు లేదు. ఫ్యాక్టరీలో ప్రతి సీసాలోకీ పడే సరుకు వేడి ఎంతో మిషన్ చూస్తూ ఉంటుంది. సుమారు 85 డిగ్రీలకి తగ్గకుండా నింపి, ఆ వేడిని మూతకి తగిలేలా లెక్క ప్రకారం పట్టి ఉంచుతారు. తగ్గితే లైన్ ఆగిపోతుంది. ఇంట్లో ఏం జరుగుతుంది? మొదటి సీసా నిజంగానే మంటలా ఉంటుంది. మూతలు వెతకడం, అంచు తుడవడం, మధ్యలో ఫోన్ మోగడం. చివరి సీసా వంతు వచ్చేసరికి గిన్నె అడుగున ఉన్న జామ్ ఎంత వేడిగా ఉందో ఎవరికీ తెలియదు. చల్లటి సీసాలో పోస్తే గాజు ఇంకొంత వేడి లాగేస్తుంది. నా అంచనాలో బోర్లించే పద్ధతిలో బూజు పట్టేవాటిలో ఎక్కువ ఆ చివరి సీసాలే.

అందుకని మరిగించనే మరిగించను అనేవాళ్ళు కనీసం మూడు పనులు చేయాలి. సీసాలు వేడిగా ఉండాలి. కొద్ది సీసాలకి సరిపడా మాత్రమే ఒకసారి వండాలి. చివరి సీసాలో థర్మామీటర్ పెట్టి చూడాలి. 85 లేకపోతే ఆ సీసా ఫ్రిజ్‌లోకి. ఇదీ పుల్లటి పండ్లకి, నిండు చక్కెర జామ్‌కి మాత్రమే. నేనైతే ఇంత తతంగం కంటే ఐదు నిమిషాలు మరిగించడమే సులువంటాను.

పాతమూత
మళ్ళీ మరిగిస్తే జామ్ పలచబడుతుంది కదా. పెక్టిన్ విరిగిపోతుంది.

నీళ్ళగిన్నె
గంటల తరబడి ఉడికిస్తే విరుగుతుంది. 5 నిమిషాలకి ఏమీ కాదు. జామ్ గట్టిపడకపోతే తప్పు అంతకుముందే జరిగిపోయింది: పండు మరీ మగ్గిపోయి ఉండాలి, పులుపు తక్కువై ఉండాలి, లేదా తొందరపడి దించి ఉండాలి.

పండ్లబుట్ట
ఒక చిన్న సందేహం. పైన కొంచెం బూజు కనిపిస్తే చెంచాతో తీసేసి కిందిది తినొచ్చా?

పాతమూత
తినొచ్చు. ఎంతమంది తినలేదు?

పీహెచ్‌పట్టీ
వద్దు. పైన కనిపించేది కొంతే, దాని పోగులు కిందికి దిగి ఉంటాయి. కొన్ని బూజులు విషాలు కూడా వదులుతాయి, అవి చెంచాకి రావు. ఇంకా ఒకటుంది: బూజు పండులోని ఆమ్లాన్ని తినేస్తుంది. అది పెరిగిన చోట పులుపు తగ్గి పీహెచ్ పైకి వెళ్ళొచ్చు. ఇందాక మనల్ని కాపాడుతోందన్న ఆ 4.6 గీతే చెరిగిపోతుంది. సీసా మొత్తం పారేయండి. పైన మైనం పోసి మూసే పాత పద్ధతిని వద్దంటున్నది కూడా ఇందుకే, మైనం అంచున సన్నటి సందు చాలు బూజుకి.

పండ్లబుట్ట
సరే. స్ట్రాబెర్రీ, ప్లమ్ జామ్ చేసి మరిగిస్తాను. అంజీర నేరుగా ఫ్రీజర్‌లోకి. సిట్రిక్ యాసిడ్ కొలుచుకుంటూ కూర్చునే ఓపిక ఈ వారం లేదు. ఇంట్లో ప్రెషర్ కుక్కర్ ఉంది, సీసాలు అందులో పెట్టేస్తే త్వరగా అవుతుందా?

నీళ్ళగిన్నె
వద్దండీ. పుల్లటి పండ్లకి ఒత్తిడి అవసరమే లేదు. వంట కుక్కర్ చాలా త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతుంది. ఆ తేడాకి సీసాలోని రసం బయటికి తన్నుకొస్తుంది, ఒక్కోసారి గాజు పగులుతుంది. సీసాలు మునిగేంత లోతున్న ఏ గిన్నె అయినా చాలు. అడుగున స్టాండ్ గానీ మడతపెట్టిన గుడ్డ గానీ వేయండి. వేడి సీసాని వేడి నీళ్ళలోకే దించండి. తీశాక కదపకుండా 12 గంటలు వదిలేసి, మూత మధ్యలో వేలితో నొక్కి చూడండి. కిందికీ పైకీ ఆడితే సీలు పడలేదని అర్థం. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి ముందు తినేయండి.

పాతమూత
థర్మామీటర్ కొంటాను. చివరి సీసా 85 చూపిస్తే మాత్రం నా జామ్ గిన్నెలోకి దిగదు. ఫలితం చలికాలంలో ఇక్కడే పెడతాను, బూజు పట్టినా సరే.

తీపితక్కువ
పట్టినవి ఎన్నో, ఏ వరసలో నింపినవో కూడా రాయండి. సీసాల మీద నంబర్లు వేసుకోండి.