మారిపోసా బెటాలియన్ ప్రభుత్వ సైన్యమా, గనుల వారి దండా?

ప్రశ్న:
1851లో కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయలో ప్రవేశించిన మారిపోసా బెటాలియన్ అమెరికా సైన్యంలో భాగమా, లేక బంగారు గనుల వారు సొంతంగా కూడగట్టుకున్న దండా? దాని ఖర్చు ఎవరు భరించారో తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1:
అది ఫెడరల్ సైన్యం కాదండి. 1850 డిసెంబరులో జేమ్స్ సావేజ్ అనే వర్తకుడి దుకాణంపై ఆదివాసులు దాడి చేయగా, మారిపోసా కౌంటీ షెరిఫ్ జేమ్స్ బర్నీ గనుల వారిని పోగుచేసి, మరుసటి నెలలోనే, ఏ ప్రభుత్వ అనుమతి కోసమూ ఆగకుండా, కొండల్లోకి నడిపించాడు. తరువాత గవర్నర్ జాన్ మెక్‌డూగల్ అనుమతితో సుమారు 200 మంది మూడు కంపెనీలుగా ఏర్పడ్డారు. మేజరు పదవి సావేజ్‌కే దక్కింది. నష్టపోయిన వర్తకుడే సేనాని కావడం గమనించదగినది.

జవాబు 2:
పై జవాబుకు ఒక చేర్పు అవసరం. ఆదివాసుల దాడికి ముందే గనుల వారు వారి నదులను, వేటభూములను ఆక్రమించుకున్నారు. బెటాలియన్ చేసినది కూడా యుద్ధం కంటే ఆకలిని ఆయుధంగా వాడుకోవడమే: పల్లెలతోపాటు, చలికాలానికి దాచుకున్న ఓక్ చెట్ల కాయల నిల్వలను తగులబెట్టారు. యోసెమిటీ లోయలో ఉండిన అహ్వానీచీ తెగ నాయకుడు టెనాయా చిన్న కొడుకు బందీగా ఉండగానే కాల్పుల్లో చనిపోయాడు.

జవాబు 3:
ఖర్చు సంగతి: దళం 1851 జూలై 1న రద్దయింది. ఇటువంటి దండయాత్రల కోసం రాష్ట్రం బాండ్లు జారీ చేయగా, 1854లో అమెరికా కాంగ్రెస్ ఆ అప్పుల నిమిత్తం 9,24,000 డాలర్లకు పైగా కేటాయించింది. కాబట్టి దండు స్థానికులదే, బిల్లు మాత్రం చివరికి వాషింగ్టన్‌కు చేరింది.