చండీగఢ్ కుర్చీలు విదేశాలకు పోవడం తప్పా? తప్పయితే ఎవరిది?

మాలతి_కాకినాడ:
చండీగఢ్ ప్రభుత్వ ఆఫీసులు, యూనివర్సిటీ, కోర్టుల కోసం 1950ల్లో, 60ల్లో చేయించిన టేకు కుర్చీలు ఇప్పుడు పారిస్, న్యూయార్క్ వేలాల్లో వేల డాలర్లకు పోతున్నాయి. పక్క నుంచి చూస్తే కాళ్ళు తిరగేసిన 'వి' ఆకారంలో ఉంటాయి. సీటుకీ వీపుకీ పేము అల్లిక. వెనక్కి వాలి కూర్చునే ఈజీ చైర్‌కి మరీ గిరాకీ. నగరానికి ప్లాన్ గీసిన లె కార్బూజియేకి తమ్ముడి వరసయ్యే పియెర్ జెనెరె పేరు మీద అమ్ముతారు. విరిగినవాటిని ఆఫీసులు తుక్కు కింద వేలం వేస్తే ఫ్రెంచి డీలర్లు కొని, బాగుచేసి అమ్ముకున్నారు. ఇందులో తప్పు ఎవరిదంటారు? మా ఇంట్లో ఇదే గొడవ.

టేకుదుంగ:
ఎవరిదీ కాదండీ. అమ్మినవాడు వేలం వేసి అమ్మాడు, కొన్నవాడు డబ్బు కట్టి తీసుకెళ్ళాడు. 1972 పురావస్తు చట్టం ప్రకారం పురావస్తువు అని ఆపాలంటే కుర్చీకి వందేళ్ళు నిండాలి. వీటికి ఇంకా చాలా టైముంది. మేడమీద ఎండకీ వానకీ పడేసిన కుర్చీని ఎవడో ఎత్తుకెళ్ళి నిలబెడితే ఏడుపు దేనికి?

రిటైర్డ్_రావు:
చట్టం గురించి ఎవరడిగారు? నేను చండీగఢ్‌లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేశాను. ఆ కుర్చీల్లోనే కూర్చున్నాను. ఎండాకాలం రెక్సిన్ కుర్చీలో చొక్కా వీపుకి అంటుకుపోతుంది, పేము అల్లికలో గాలాడుతుంది. అది ఆ ఊరి ఎండకి, ఆ ఊరి ఆఫీసుకి చేసిన వస్తువు. జెనెరె కూడా చుట్టపుచూపుగా వచ్చి పోయినవాడు కాదు. 1951 నుంచి 1965 దాకా అక్కడే ఉన్నాడు. 1967లో పోతే అస్థికలు సుఖ్నా చెరువులోనే కలిపారు. సెక్టార్ 5లో ఆయన ఉన్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఇల్లు దాచుకుని కుర్చీలు అమ్ముకోవడం ఏం తెలివి? 2011లో హోం శాఖ అమ్మకూడదని ఉత్తర్వు ఇచ్చింది సరే, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

బుల్లి_బెజవాడ:
ఇంతకీ ఒరిజినల్ అని ఎలా తెలుస్తుంది? హైదరాబాద్‌లో ఒక షాపులో "చండీగఢ్ ఒరిజినల్" అని బోర్డు పెట్టారు.

రిటైర్డ్_రావు:
వెనక పెయింట్‌తో శాఖ పేరు, నెంబరు రాసి ఉంటాయి. అదే గుర్తు.

టేకుదుంగ:
సార్, ఆ నెంబరు మా కుర్చీల షాపులో కుర్రాడు టీ తాగి వచ్చేలోపు కొట్టేస్తాడు. స్టెన్సిల్ ముక్క, డబ్బా పెయింటు చాలు. నెంబరు చూసి కొనేవాళ్ళ వల్లే దొంగ సరుకు బతుకుతోంది.

రిటైర్డ్_రావు:
పెయింట్ ఒక్కటే చూడమనలేదు. నెంబరు గీకితే కింద కర్ర రంగు వేరేగా ఉంటుంది. ఏళ్ళ తరబడి చుట్టూ ఉన్న కర్రకి వెలుతురు తగులుతుంది, అక్షరాల కింద తగలదు. ఆ తేడా మీ కుర్రాడు తేలేడు.

టేకుదుంగ:
సాండ్ పేపర్ కొట్టి కొత్త పాలిష్ వేశాక ఆ తేడా ఎక్కడుంటుంది? విదేశాల్లో అమ్మినవి చాలావరకు అలా చేసినవే. అల్లిక కొత్తది, పాలిష్ కొత్తది, ఒక్కోదానికి కాళ్ళు కూడా కొత్తవి. ఇక పాతది ఏం మిగిలిందో మీరే చెప్పండి.

రిటైర్డ్_రావు:
నెంబరు మిగిలింది.

సీతయ్య_డల్లాస్:
😀 నెంబరు దగ్గరే ఆగిపోయారు ఇద్దరూ.

మాలతి_కాకినాడ:
అసలు అవి జెనెరె ఒక్కడివేనా? ఆ టీంలో యూలీ చౌధరి అనే ఆవిడ ఉన్నారు, తర్వాత పెద్ద ఆర్కిటెక్ట్ అయ్యారు. ఫర్నిచర్ పనిలో ఆవిడ చెయ్యి ఉందని ఇప్పుడు వేలం కేటలాగుల్లో కూడా రాస్తున్నారు. అన్నాళ్ళూ ఆవిడ పేరు ఎందుకు రాలేదు?

టేకుదుంగ:
ఆవిడ పేరు ఇప్పటికైనా వచ్చింది మేడం. చిత్రిక పట్టినవాడి పేరు వచ్చిందా? అవి ఒక్క ఫ్యాక్టరీలో అయినవి కావు. డ్రాయింగ్ ఇచ్చి రకరకాల వర్క్‌షాపుల్లో చేయించారు. అందుకే రెండు కుర్చీలు పక్కపక్కన పెడితే చేతి మందం ఒకలా ఉండదు, వాలు ఒకలా ఉండదు. ఆ తేడాలన్నీ ఎవడో ఒక వడ్రంగి చేతివే. డీలర్ మాత్రం దాన్ని "జెనెరె" అంటాడు.

రిటైర్డ్_రావు:
మీరు కాపీలు చేసి అమ్ముకుంటారు కాబట్టి ఒరిజినల్ అన్నమాట వింటేనే మీకు మంట. పోయినేడు ఇంకో చర్చలో మీరే ఫోటోలు పెట్టారు.

టేకుదుంగ:
అవును, చేస్తాను. దాచానా? నాది అని చెప్పే అమ్ముతాను, నెంబరు కొట్టను. డిజైన్ రిజిస్టర్ చేయించుకున్నా మన చట్టంలో పదిహేనేళ్ళకు మించి హక్కు ఉండదు. ఇటలీ కంపెనీ కసీనా 2019 నుంచి ఇవే మోడళ్ళు తయారుచేసి అమ్ముతోంది. వాళ్ళు చేస్తే గౌరవం, నేను చేస్తే కాపీయా?

మా నాన్న రాజమండ్రిలో పడక కుర్చీలు చేసేవాడు. చేతులు పొడుగ్గా ఉండి వాటి మీద కాళ్ళు చాపుకునే రకం. ఆయన చేసింది ఒకటి నా దగ్గరుంది. వీపు పలక వంపు వేలితో నిమిరితే ఎక్కడా ఆగదు, మేకు ఒక్కటి లేదు. మొన్న ఒకాయన వచ్చి బేరమాడి, "ఎవరి డిజైన్?" అని అడిగాడు. మా నాన్నది అన్నాను. "ఓహో, లోకల్ మేక్" అని సగం ధరకి అడిగాడు. అదే ఆయన నా షాపులోనే చండీగఢ్ మోడల్ కొత్తది నోరెత్తకుండా కొనుక్కెళ్ళాడు. ఇప్పుడు చెప్పండి, నాకు మంట ఎందుకుండదు?

బుల్లి_బెజవాడ:
ఆ పడక కుర్చీ ఫోటో పెట్టండి అన్నా.

రిటైర్డ్_రావు:
మీ నాన్నగారి పని మీద నాకు గౌరవమే. నేనడిగేది వేరు. మా ఆఫీసులో కుర్చీలు తీసేసినప్పుడు నాది నేను కొనుక్కుంటానని కాగితం పెట్టుకున్నాను. నేను కూర్చున్న కుర్చీ, నెంబరు కూడా రాశాను. విడిగా ఇవ్వం, మొత్తం లాట్ కొనాలన్నారు. బల్లలు, బీరువాలు, విరిగిన స్టూళ్ళు అన్నీ కలిపి ఒక లాట్. గుమాస్తా జీతంతో లాట్ ఎవడు కొంటాడు? లారీ ఉన్నవాడు కొన్నాడు. అక్కడ కూర్చున్నవాడికి అడిగినా దొరకలేదు, దాన్నేమీ ఎరగనివాడికి దొరికింది. నా బాధ ఫ్రాన్స్ మీద కాదు.

మాలతి_కాకినాడ:
రావుగారూ, ఇది మొదటే చెప్పొచ్చు కదండీ. నెంబరు గురించి ఇంతసేపు...

రిటైర్డ్_రావు:
నాకు ఆ నెంబరు ఇప్పటికీ గుర్తుందమ్మా.

టేకుదుంగ:
అయితే మనిద్దరికీ గొడవ లేదు సార్. నేను చేసినవాడి గురించి అంటున్నాను, మీరు వాడినవాడి గురించి. మధ్యలో వాడు బాగుపడ్డాడు.

రిటైర్డ్_రావు:
గొడవ ఉంది. చేసినవాడికి కూలి ముట్టింది. అది జనం డబ్బుతో చేయించిన వస్తువు, అమ్మే ముందు జనాన్ని అడగాలి. మీరు మొదటి పోస్టులో "అమ్మినవాడు వేలం వేసి అమ్మాడు" అన్నారు. ఆ మాట వెనక్కి తీసుకోండి.

టేకుదుంగ:
తీసుకోను. మేడమీద వానలో నానుతున్నప్పుడు జనం ఎక్కడున్నారు?

సీతయ్య_డల్లాస్:
బుల్లి అడిగిన ఫోటో సంగతి ఏమైంది?

టేకుదుంగ:
రేపు పగటి వెలుతురులో తీసి పెడతా. ధర మాత్రం అడగొద్దు, అమ్మను.