పట్టణ జనాభాను దేశాల మధ్య ఎలా పోల్చాలి?

అందరికీ నమస్కారం. హన్మకొండలో పీజీ చదువుతున్నాను. ఆసియాలో పట్టణ జనాభా పెరుగుదల మీద ప్రాజెక్టు చేస్తున్నాను. పట్టణాల్లో ఉండేవాళ్లు 2011 లెక్కల్లో మన దేశంలో 31 శాతం, 2020 లెక్కల్లో చైనాలో దాదాపు 64 శాతం. ఏళ్లే కాదు, నిర్వచనాలూ వేరు. మన దగ్గర మున్సిపాలిటీ కాని ఊరు పట్టణం అనిపించుకోవాలంటే కనీసం 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది ఉండాలి. పనిచేసే మగవాళ్లలో కనీసం 75 శాతం వ్యవసాయం కాని పనుల్లో ఉండాలి.

మా ఊరు వరంగల్ కార్పొరేషన్‌లో కలిసింది. అయినా మా ఇంటి ముందు ఇప్పటికీ మిర్చి ఆరబోస్తారు, ఆ పక్కనే ప్లాట్ల హద్దురాళ్లు. దీన్ని ఏ లెక్కలో వేయాలి?

ఐక్యరాజ్యసమితి 2018 పట్టికలు ఆయా దేశాల నిర్వచనాలనే వాడాయి. జపాన్, వియత్నాం, బంగ్లాదేశ్‌లను కూడా ఒకే కొలతతో చూపే డేటా ఎక్కడ దొరుకుతుంది? ఈ పని చేసినవాళ్లు దయచేసి చెప్పండి. నెలాఖరుకు ఇవ్వాలి, చాలా టెన్షన్‌గా ఉంది.